మునిగిన సోమశిల, మిగిలిన సోమశిల

సోమశిల పేరుతో తెలుగు నేల మీద రెండు ఊళ్ళున్నాయి. ఒకటి నెల్లూరు జిల్లాలో పెన్నా నది మీద ఉంది. పోటీ పరీక్షల్లో "సోమశిల ప్రాజెక్టు ఏ నది మీద కట్టారు?" అని అడిగితే పెన్నా అని రాయాలి. కృష్ణ అని రాస్తే మార్కు పోతుంది. మేము చెప్పబోయేది రెండో సోమశిల గురించి. ఇది నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలో, కొల్లాపూర్ పట్నానికి పది కిలోమీటర్ల లోపే, కృష్ణ ఒడ్డున ఉంది. దీనికి సొంత ప్రాజెక్టు లేదు. కింద ఎక్కడో శ్రీశైలంలో కట్టిన ఆనకట్ట నీళ్ళు వెనక్కి ఎగదన్ని ఇక్కడిదాకా వచ్చి నిలిచాయి.

ఇప్పుడు సోమశిల అంటే అందరికీ తెలిసింది నీళ్ళు, నల్లమల గుట్టలు, పడవ షికారు. ఆదివారం వస్తే హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరతాయి. పర్యాటక శాఖ కాటేజీలు కట్టింది, సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీ కూడా నడిపింది. వచ్చినవాళ్ళు ఫోటోలు దిగి, చేపల వేపుడు తిని పోతారు. ఆ ఫోటోల్లో వెనకాల కనిపించే నీళ్ళ కింద ఊళ్ళున్నాయని వాళ్ళకు చెప్పేవాళ్ళుండరు. మా హాస్టల్లో కొల్లాపూర్, పెంట్లవెల్లి, చిన్నంబావి, అలంపూర్ వైపు నుంచి వచ్చినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "పాతూరు", "కొత్తూరు" అని రెండు మాటలు వాడుతుంటారు. పాతూరు అంటే ఏమిటో, అది ఎట్లా పోయిందో ఒక్కచోట రాసి పెడదామని ఈ వ్యాసం మొదలుపెట్టాం.

ముందు ఆనకట్ట సంగతి చెప్పుకోవాలి. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జూలై 24న అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట అనుకున్నది కరెంటు కోసం. సాగునీటి కాలువలు తర్వాత వచ్చి చేరాయి. నల్లమల కొండల మధ్య లోతైన లోయలో 512 మీటర్ల పొడవు, 145 మీటర్ల ఎత్తుతో ఆనకట్ట కట్టారు. దానికి 12 గేట్లు. పని నత్తనడకన సాగి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. 1982లో మొదటి కరెంటు వచ్చింది. కుడిగట్టున 770 మెగావాట్లు, తర్వాత ఎడమగట్టున భూగర్భంలో 900 మెగావాట్ల కేంద్రాలు వెలిశాయి.

జలాశయం నిండితే నీటిమట్టం సముద్ర మట్టానికి 885 అడుగులు. ఈ అంకె మా వైపు చదువురాని ముసలివాళ్ళకు కూడా నోటికి వచ్చు. ఎందుకంటే 885 గీతకు కింద ఉన్నవాళ్ళ ఇల్లు పోయింది, పైన ఉన్నవాళ్ళది మిగిలింది. సర్వేవాళ్ళు వచ్చి రాళ్ళు పాతి పోయారు. రాయి ఇవతల ఒక అన్న ఇల్లు, అవతల తమ్ముని ఇల్లు ఉంటే అన్న మునిగినట్టు, తమ్ముడు మునగనట్టు కాగితాల్లో రాసుకున్నారు. కానీ ఊరంటే ఇండ్లు మాత్రమేనా? పొలం మునిగిన ఊళ్ళో ఇల్లు మిగిలి ఏం చేసుకోవాలి?

మొదట్లో జలాశయం సామర్థ్యం 308 టీఎంసీలుగా లెక్కగట్టారు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు. పైనుంచి ఏటేటా కొట్టుకొచ్చే ఒండ్రుమట్టి పేరుకుపోయి ఇప్పుడది 215.8 టీఎంసీలకు తగ్గింది. అంటే నలభై ఏళ్ళలో సుమారు 92 టీఎంసీల జాగా మట్టితో నిండిపోయింది. జూరాల ప్రాజెక్టు మొత్తం సామర్థ్యం మొదట 11.94 టీఎంసీలే అనుకుంటే, ఏడెనిమిది జూరాలలు పట్టేంత మట్టి అన్నమాట! ఆ మట్టి కింద ఉన్నవి మన ఊళ్ళే.

మునిగిన ఊళ్ళు

ఈ జలాశయం కింద అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊళ్ళు ముంపుకు గురయ్యాయి. లక్ష ఎకరాలకు పైగా భూమి పోయింది. లక్ష మందికి పైగా జనం లేచిపోయారు. పోయిన భూమి అంతా నది ఒడ్డు భూమి, ఏటా వరద తెచ్చిన ఒండ్రు పరుచుకునే నేల. పాలమూరు అంటే కరువు జిల్లా అని పేరు. ఆ కరువు జిల్లాలో వానలు లేకున్నా పంట ఇచ్చే కాస్త భూమి ఏదైనా ఉందంటే అది ఇదే. మునిగిన తర్వాత కట్టుకున్న కొత్త ఊళ్ళు గట్ల మీద, మొరం నేలల మీద వెలిశాయి.

ఖాళీ చేయించిన తీరు గురించి కొంచెం వివరంగా రాయాలి. 1970ల నుంచే నోటీసులు రావడం మొదలైంది. కానీ పని ఏళ్ళ తరబడి సాగుతుండేసరికి చాలామంది నమ్మలేదు. "కృష్ణమ్మ ఇంత పైకి ఎక్కి వస్తుందా?" అనుకున్నారు. కొందరు డబ్బులు తీసుకున్నారు గాని ఊరు వదల్లేదు. 1981 వేసవి చివర్లో, వరద సీజను ముంచుకొస్తుంటే, సర్కారు పోలీసులను, కూలీలను వెంటబెట్టుకొచ్చి ఇండ్లు కూలగొట్టించింది. అప్పట్లో అధికారులే దీన్ని "ఆపరేషన్ డిమాలిషన్" అన్నారు. పౌరహక్కుల వాళ్ళు, స్వచ్ఛంద సంస్థల వాళ్ళు వచ్చి చూసి నివేదికలు రాశారు. జూన్ నెలలో పైకప్పు పోయిన ఇంటి ముందు పిల్లలతో, గొడ్లతో, గింజల మూటలతో కూర్చోవడం ఎట్లా ఉంటుందో మేము చూడలేదు. చూసినవాళ్ళు ఇప్పటికీ మా ఇళ్ళల్లో ఉన్నారు. వాళ్ళు ఆ మాట ఎత్తితే రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు.

నష్టపరిహారం ఎట్లా లెక్కగట్టారో తెలుసుకుంటే అసలు సంగతి అర్థమవుతుంది. అప్పుడు అమల్లో ఉన్నది ఇంగ్లీషువాళ్ళు 1894లో చేసిన భూసేకరణ చట్టం. దాని ప్రకారం నోటిఫికేషన్ ఇచ్చిన నాటి మార్కెట్ ధర కట్టివ్వాలి. ఆ ధర ఎట్లా తెలుస్తుంది? ఆ చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్ల నుంచి. పల్లెల్లో స్టాంపు ఖర్చుకు భయపడి వెయ్యికి కొన్నది మూడొందలని రాయించుకునే అలవాటు ఉండేది. ఆ తక్కువ రాతే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. పైగా నోటిఫికేషన్ ఒక ఏడు వచ్చి, డబ్బు ఏళ్ళ తర్వాత చేతికి వస్తే, ఆ డబ్బుకు అప్పటికి పెరిగిన ధరల్లో వేరేచోట సగం భూమి కూడా రాదు.

అయితే చట్టంలో ఒక దారి ఉంది. ఇచ్చిన సొమ్ము తక్కువ అనుకుంటే కలెక్టరు ద్వారా సివిల్ కోర్టుకు పోవచ్చు. అది 18వ సెక్షన్. కోర్టుకు పోయినవాళ్ళకు చాలాచోట్ల ధర పెరిగింది కూడా. కానీ ఒక షరతు ఉంది. డబ్బు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టినవాళ్ళకే ఆ హక్కు. మాట్లాడకుండా వేలిముద్ర వేసి తీసుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ ఒక్క వాక్యం రాయడం ఎంతమందికి వచ్చు? రాయాలని చెప్పినవాళ్ళెవరు? ఊళ్ళో చదువుకున్న పది ఇండ్లవాళ్ళు, వకీళ్ళతో పరిచయం ఉన్నవాళ్ళు రాశారు. మిగిలినవాళ్ళు వేలిముద్ర వేశారు. 1984లో చట్టాన్ని సవరించి 28-ఏ అనే సెక్షన్ చేర్చారు. ఒకే నోటిఫికేషన్ కింద భూమి పోయిన ఒకరికి కోర్టు ధర పెంచితే, కోర్టుకు పోనివాళ్ళు కూడా మూడు నెలల్లోపు దరఖాస్తు పెట్టుకుని ఆ ధర అడగవచ్చు. ఈ సెక్షన్ వేలిముద్ర వేసినవాళ్ళ కోసమే వచ్చింది. కానీ పక్క ఊళ్ళో ఎవరికో కోర్టు తీర్పు వచ్చిందని గట్టు మీది గుడిసెకు మూడు నెలల్లో కబురు అందాలి కదా. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మాకు ఇది చదివినప్పుడు కడుపు మండింది.

ఇదంతా భూమి ఉన్నవాళ్ళ కథ. పట్టా లేనివాళ్ళ సంగతి వేరే. చట్టం దృష్టిలో నష్టపోయినవాడంటే ఆస్తి పోయినవాడు. జీతగాడికి, పాలుకు చేసేవాడికి, కూలికి పోయే ఆడమనిషికి ఆస్తి లేదు గనక నష్టం లేదు! మా మాదిగవాడలు, మాలవాడలు, బోయ, బెస్త ఇండ్లల్లో చాలామందికి దక్కింది గుడిసెకు కట్టిన కొద్దిపాటి డబ్బు మాత్రమే. ఊరి ఆయగాళ్ళు కూడా ఇట్లాగే దెబ్బతిన్నారు. చాకలికి, మంగలికి, కుమ్మరికి, వడ్రంగికి ఏడాదికి ఇన్ని గింజలని ఊరంతా కలిసి ఇచ్చేది. ఊరు ఒక్కచోట ఉన్నన్నాళ్ళే ఆ లెక్క నడుస్తుంది. ఊరు నాలుగు ముక్కలై నాలుగు గట్లెక్కితే ఆ గింజలు ఎవర్ని అడగాలి? ఈ నష్టాన్ని ఏ అవార్డులోనూ రాయలేదు.

తర్వాత జరిగింది తెలిసిందే. పాలమూరు లేబర్ అనే పేరు దేశమంతా పాకింది. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కించుకుపోతే ఎక్కడో గుజరాత్‌లోనో మహారాష్ట్రలోనో ఇంకో ఆనకట్ట కట్టడానికి, కాలువ తవ్వడానికి పోయేవాళ్ళు. ఆనకట్ట కింద ఊరు పోగొట్టుకున్నవాళ్ళే వేరేవాళ్ళ ఊళ్ళు ముంచే ఆనకట్టకు మట్టి మోశారు. పిల్లల్ని వెంట తీసుకుపోతే చదువు పోతుందని హాస్టళ్ళలో చేర్పించి పోయేవాళ్ళు. మన పూర్వ విద్యార్థులైన అన్నల్లో కొందరు అట్లా వచ్చి చేరినవాళ్ళే. సెలవులకు ఇంటికి పోతే ఇంట్లో ముసలివాళ్ళు తప్ప ఎవరూ ఉండని రోజులు అవి.

గుళ్ళు ఎక్కి వచ్చిన తీరు

ఇక గుళ్ళ ముచ్చట. సోమశిలలో ఇప్పుడు మనం దర్శనం చేసుకునే లలితా సోమేశ్వరస్వామి ఆలయం ఇప్పుడున్న చోట పుట్టింది కాదు. అది కింద, పాత ఒడ్డున ఉండేది. ముంపులో పోతుందని పురావస్తు శాఖవాళ్ళు దాన్ని విప్పి, పైకి తెచ్చి మళ్ళీ కట్టారు. ఒక్క గుడి కాదు, చిన్నా పెద్దా కలిపి పదిహేను దాకా ఉన్న సముదాయం. పన్నెండు జ్యోతిర్లింగాల పేరిట ఉన్న గుళ్ళు ఇందులోనివే. కార్తీకమాసంలోనూ శివరాత్రికీ జనం కిటకిటలాడతారు. 2004, 2016 కృష్ణా పుష్కరాలకు లక్షల మంది వచ్చిపోయారు.

రాతిగుడిని విప్పి కట్టడం చిన్న పని కాదు. ముందు గుడి మొత్తానికి కొలతలు తీసి నక్షాలు గీస్తారు, అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీస్తారు. తర్వాత ప్రతి రాయి మీదా రంగుతో ఒక నంబరు వేస్తారు. ఏ వరుసలో ఎన్నో రాయి అన్నది ఆ నంబరు చూస్తే తెలియాలి. ఆ పైన శిఖరం నుంచి మొదలుపెట్టి కిందికి ఒక్కో రాయినే దించుతారు. కొత్త చోట పునాది వేసి, కింది నుంచి పైకి అదే వరుసలో పేరుస్తారు. పాతకాలం గుళ్ళలో చాలావరకు సున్నం లేకుండా రాయి మీద రాయి కూర్చోబెట్టినవే గనక ఇది సాధ్యమైంది. ఇదే పద్ధతిలో నాగార్జునసాగర్ కట్టినప్పుడు నాగార్జునకొండ కట్టడాల్ని పైకి తెచ్చారు. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ ఆలయాన్ని 1964-68 మధ్య కొండతో సహా కోసి పైకెత్తారు.

జటప్రోలులోనూ ఇదే జరిగింది. సురభి వంశపు రాజులు కొల్లాపూర్‌కు మారకముందు వాళ్ళ రాజధాని జటప్రోలే. అక్కడి మదనగోపాలస్వామి ఆలయం శిల్పాలకు పేరు పొందింది. దాన్ని కూడా విప్పి కొత్తచోట కట్టారు. కృష్ణ, తుంగభద్ర కలిసే చోట కూడవెల్లిలో బాదామి చాళుక్యుల కాలం నాటి సంగమేశ్వరాలయం ఉండేది. అది ఇప్పుడు అలంపూర్‌లో ఉంది. పాపనాశి గుళ్ళదీ అదే దారి. అవతలి గట్టు మీది రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు దగ్గర జగన్నాథగట్టుకు చేరింది. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలను మాత్రం కదిలించలేదు, నీళ్ళు రాకుండా ఊరి చుట్టూ రక్షణ గోడ కట్టారు. 2009 అక్టోబరులో ఆ గోడ కూడా ఆగలేదు. అప్పుడు శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆనకట్టను తట్టుకునేట్టు కట్టింది 19 లక్షలకు. నీటిమట్టం 885 దాటి 896 అడుగులకు పోయింది. అలంపూర్ మునిగింది, కర్నూలు మునిగింది. 885 గీతకు పైన ఉన్నాం గదా అని ధైర్యంగా ఉన్నవాళ్ళు కూడా ఆ రోజు చెట్లెక్కారు, మిద్దెలెక్కారు.

సోమశిలకు ఎదురుగా, నదికి అవతల సంగమేశ్వరం ఉంది. అక్కడి గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే ఉంటుంది. ఎండాకాలంలో జలాశయం బాగా తగ్గితే బయటపడుతుంది. అందులో ఉన్నది రాతిలింగం కాదు, వేపమొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. అన్నేళ్ళు నానుతున్నా అది చెడిపోలేదని జనం దండం పెడతారు.

గుళ్ళను కాపాడుకోవడం మంచి పనే. ఆ రాళ్ళ మీద ఎవరి చేతి పని ఉందో మాకు తెలుసు గనక మేము దాన్ని తక్కువ చేసి మాట్లాడం. కానీ ఒక్క ప్రశ్న మమ్మల్ని విడవడం లేదు. ఒక్కో రాయికి నంబరు వేసి, ఏ రాయి పక్కన ఏది ఉండాలో రాసిపెట్టుకుని, అట్లాగే కొత్తచోట చేర్చారు. అదే ఊళ్ళో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండాలో, ఎవరి బావి ఎవరికి ఇవ్వాలో ఎవరూ నంబరు వేసుకోలేదు.

నీళ్ళు ఎవరికి పోయాయి?

ఇట్లాంటి ఊళ్ళు వేరే దేశాల్లో కూడా ఉన్నాయి. బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతముంది. ఇంగ్లండ్ పక్కనే ఉన్నా వాళ్ళ భాష వేరు. అక్కడ లాన్‌వుథిన్ అనే ఊరు 1880లలో మునిగింది. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరానికి మంచినీళ్ళ కోసం 1881 నుంచి 1888 దాకా రాతి ఆనకట్ట కట్టారు. చర్చి, ప్రార్థనా మందిరాలు, ముప్పై ఏడు ఇండ్లు, పది వ్యవసాయ ఇండ్లు నీళ్ళ కింద పోయాయి. కింది వైపు కొత్త ఊరు, కొత్త చర్చి కట్టించారు. శ్మశానంలోని అస్థికల్ని కూడా తవ్వి కొత్త చర్చి దగ్గర పూడ్చారు. ఆ తర్వాత 1965లో అదే లివర్‌పూల్ కోసం కాపెల్ కెలిన్ అనే ఇంకో ఊరు మునిగింది. 1957లో పార్లమెంటులో చట్టం చేసినప్పుడు వేల్స్ ఎంపీల్లో ఒక్కరూ మద్దతివ్వలేదు, అయినా చట్టం అయ్యింది. నలభై ఏళ్ళ తర్వాత, 2005లో, లివర్‌పూల్ నగర కౌన్సిల్ ఆ ఊరివాళ్ళకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అప్పటికి ఆ ఊరి పిల్లలు ముసలివాళ్ళైపోయారు.

మన దగ్గర నీళ్ళు ఎటు పోయాయో కూడా చూద్దాం. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా రాయలసీమకు నీళ్ళు పోతాయి. తెలుగుగంగ కాలువ ద్వారా 1996లో చెన్నై నగరానికి కృష్ణ నీళ్ళు చేరాయి. మూడు రాష్ట్రాలు తలా ఐదు టీఎంసీలు వదులుకుని 15 టీఎంసీలు ఇవ్వాలని ఒప్పందం. దాహంతో ఉన్న నగరానికి నీళ్ళివ్వడాన్ని ఎవరూ తప్పుపట్టరు, రాయలసీమ రైతు కూడా మనలాంటి కరువు రైతే. అయితే నది ఒడ్డునే ఉన్న కొల్లాపూర్ తాలూకా పొలాలకు ఆ నీళ్ళు ఎక్కడానికి ఊళ్ళు మునిగి ముప్పై ఏళ్ళు దాటాల్సి వచ్చింది. ఎల్లూరు దగ్గర మోటార్లు పెట్టి కల్వకుర్తి ఎత్తిపోతల ద్వారా సింగోటం, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దాకా నీళ్ళను మెట్లు మెట్లుగా ఎక్కిస్తున్నారు. తర్వాత పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో శంకుస్థాపన జరిగింది, 2023 సెప్టెంబరులో నార్లాపూర్ దగ్గర మొదటి మోటారు నడిచింది. ఆ పథకం రిజర్వాయర్ల కింద మళ్ళీ మన జిల్లాల ఊళ్ళూ తండాలే లేచాయి. ఈసారి వాళ్ళు ఊరికే ఉండలేదు. భూముల కొనుగోలుకు ప్రభుత్వం 2015లో తెచ్చిన 123 జీవో మీద హైకోర్టుకెక్కారు.

నది దాటడం ఇంకో కష్టం. పూర్వం ఎండాకాలంలో నడిచి, వానాకాలంలో పుట్టి మీద అవతలి గట్టుకు పోయేవాళ్ళు. పెండ్లి సంబంధాలు, సంతలు, జాతరలు రెండు గట్లకూ కలిపే ఉండేవి. జలాశయం వచ్చాక నది కాస్తా చెరువులాగా వెడల్పయింది, లోతు పెరిగింది. మోటారు పడవలు వచ్చినా వాటికి లెక్కా జమా లేదు. 2007 జనవరిలో నెహ్రూనగర్, మంచాలకట్ట మధ్య పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. వంతెన కోసం ఆ ముందు నుంచీ అడుగుతూనే ఉన్నారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం సోమశిల, సిద్ధేశ్వరం మధ్య 1,082 కోట్ల రూపాయలతో తీగల వంతెనకు ఆమోదం తెలిపింది. అది పూర్తయితే హైదరాబాద్ నుంచి తిరుపతికి ఎనభై కిలోమీటర్ల దాకా దూరం తగ్గుతుందని అంచనా. తిరుపతి పోయేవాళ్ళ సంగతి ఎట్లా ఉన్నా, అవతలి గట్టుకు ఆడపిల్లనిచ్చిన తల్లిదండ్రులకు అది ఎక్కువ అవసరం.

ఇప్పటికీ ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి పోతే తేలిన ఒండ్రు నేలలో కొందరు పంటలు వేస్తారు. అది సర్కారు భూమి, పట్టా ఉండదు. ముందుగా వరద వస్తే పంట పోతుంది. మిగిలినవాళ్ళకు చేపలే ఆధారం. అక్కడ కూడా పోటీ ఉంది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన గుంపులు, వాళ్ళకు పెట్టుబడి పెట్టే సేట్లు. అలివి వలలని చిన్న కన్నుల వలలు వేసి చేపపిల్లలతో సహా ఊడ్చేస్తారు. అవి నిషేధం. నిషేధం ఉన్నా అవి కనిపిస్తూనే ఉంటాయి. నల్లమల చెంచులను తక్కువ కూలికి ఆ వలలు లాగడానికి పెట్టుకున్న సంగతులు పత్రికల్లో వచ్చాయి.

ఇక ముఖ్యమైన విషయం. 1986లో ప్రభుత్వం 98వ నంబరు జీవో ఇచ్చింది. ప్రాజెక్టు ముంపులో నష్టపోయిన కుటుంబంలో ఒకరికి నీటిపారుదల శాఖలో ఉద్యోగం ఇవ్వాలని దాని సారం. శ్రీశైలం ముంపు వాళ్ళు ఈ జీవో పట్టుకుని ఏళ్ళ తరబడి ధర్నాలు చేశారు, దీక్షలు చేశారు, కోర్టులకు పోయారు. కొందరికి లష్కరు ఉద్యోగాలు వచ్చాయి. చాలామందికి వయసు దాటిపోయింది. దరఖాస్తు పెట్టిననాడు ఇరవై ఏళ్ళ పిల్లగాడు ఇప్పుడు మనవళ్ళను ఎత్తుకుంటున్నాడు. మా ఊళ్ళల్లో "98 జీవో" అంటే పెద్ద వివరణ అక్కర్లేదు, అది ఒక ఇంటిపేరులాగా అయిపోయింది.

2013లో పార్లమెంటు కొత్త భూసేకరణ, పునరావాస చట్టం చేసింది. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1894 చట్టం పోయింది. కొత్త చట్టంలో మనం గుర్తుపెట్టుకోవలసిన మార్పులు కొన్ని ఉన్నాయి. నష్టపోయిన కుటుంబం అంటే భూమి ఉన్నవాళ్ళే కాదు, ఆ భూమి మీద మూడేళ్ళుగా కూలి చేసుకు బతుకుతున్నవాళ్ళు, కౌలుదారులు, చేతివృత్తులవాళ్ళు కూడా. సాగునీటి ప్రాజెక్టుల కింద భూమి పోతే వీలైనంతవరకు భూమికి భూమి ఇవ్వాలి, ఎస్సీ ఎస్టీలకు పోయినంత గానీ రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది. జలాశయంలో చేపలు పట్టుకునే హక్కు ముంపు కుటుంబాలకు ఇవ్వవచ్చు. అవును, చట్టంలో "ఇవ్వవచ్చు" అనే ఉంది, "ఇవ్వాలి" అని లేదు. 1981లో ఈ చట్టం ఉండి ఉంటే మా ఇండ్ల లెక్కలు వేరుగా ఉండేవి. వెనక్కి పోయి మునిగిన ఊళ్ళకు ఇది వర్తించదు. ముందు ముందు మునగబోయేవాళ్ళకు వర్తిస్తుంది, ఎవరైనా చదివి చెబితే.

ఈ వ్యాసం రాస్తుంటే మాకు ఎదురైన చిక్కు ఒకటుంది. మునిగిన ఊళ్ళ పేర్లన్నీ ఒకే కాగితం మీద మా చేతికి దొరకలేదు. ఒకే పేరుతో పాతూరూ కొత్తూరూ ఉండటం, ఒక ఊరు రెండుగా చీలి వేర్వేరు పేర్లు పెట్టుకోవటం, 2016లో జిల్లాలు, మండలాలు మారటం వల్ల లెక్క తేలడం లేదు. అందుకని చదివే తమ్ముళ్ళకూ, అన్నలకూ ఒక మనవి. మీ ఇంట్లో పాత అవార్డు కాపీ, నోటీసు, పాత పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు ఏది ఉన్నా దాని జిరాక్సు తీసి పెట్టండి. అసలు కాగితం ఎవరికీ ఇవ్వకండి. కాగితం లేకుంటే మీ నాయనమ్మను, తాతను అడిగి పాతూరి పేరు, దాని వాడల పేర్లు, ఊరి బావి, ఊరి దేవత పేరు, ఎవరెవరు ఏ గట్టుకు పోయారో ఒక తెల్లకాగితం మీద రాసి వార్డెన్ గారి గదిలో ఇవ్వండి. దూరంగా ఉన్న అన్నలు పోస్టులో పంపవచ్చు. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఊరి వారీగా వేద్దామని అనుకుంటున్నాం. సోమశిల, జటప్రోలు, మంచాలకట్ట పేర్లు ఇప్పటికే మా దగ్గర ఉన్నాయి, వాటి వాడల పేర్లు కావాలి.